రోజూ మరిచిపోయే పెట్టె

వచ్చినాయన కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"మా ఇంట్లో దొంగ ఉన్నాడు సార్. ఏమీ ఎత్తుకుపోడు. నా కంప్యూటర్ సెట్టింగులు చెడగొడతాడు, అంతే."

డిటెక్టివ్ భూతద్దం గారు తల పంకించారు. నిజానికి ఆయన దగ్గర భూతద్దం లేదు; వీధివాళ్లు పెట్టిన పేరది. పక్కన కూర్చున్న సహాయకురాలు కళ్లు విప్పార్చి వింటోంది. ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆమెకు ఇంటికంటే ఆఫీసే నయమనిపిస్తోంది. ఇంట్లో ఎవరున్నారు గనక? తాళం తీసేదీ తనే, "వచ్చావా" అని తనను తాను అడిగేదీ తనే.

వచ్చినాయన యానిమేటర్. బొమ్మల్ని కదిలించే ఆ పని కంప్యూటర్‌కు మహా బరువు. అందుకని ప్రాసెసర్ మామూలుకంటే వేగంగా పరిగెత్తేలా నంబర్లు మార్చుకున్నాడు. ఓవర్‌క్లాక్ అంటారు దాన్ని. రాత్రి ఆపి పడుకుంటాడు. తెల్లారి తెరిస్తే నంబర్లన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

"లోపలి బ్యాటరీ అయిపోయిందేమో?"

"నంబర్లు పెట్టుకున్ననాడే కొత్తది నా చేత్తో వేశాను సార్. ఇంట్లో ఉండేది నేను, మా అక్క, పనిలో నా భాగస్వామి. అక్కకు మౌసు పట్టుకోవడం కూడా రాదు. ఇక మిగిలింది వాడే. వాడికి వేరే స్టూడియోవాళ్లు వల వేస్తున్నారు. సాయంత్రంలోగా వాడు కాదని మీరు తేల్చకపోతే ఇంట్లోంచి పంపేస్తాను. చిన్నప్పటి స్నేహితుడు సార్ వాడు."

అతని వెంట వెళ్లి చూస్తే, ఆ ఇంట్లో ముగ్గురున్నారంటే నమ్మబుద్ధి కాలేదు సహాయకురాలికి. అంత నిశ్శబ్దం! ముందు గదిలో భాగస్వామి బట్టలు సర్దుకుంటున్నాడు. బొమ్మల సినిమాలకు శబ్దాలు చేస్తాడు కాబట్టి అతణ్ణి అందరూ డప్పు అంటారు.

"నేనా?" అన్నాడు డప్పు. "వాడి గదిలోకి పోవాలంటే నాకే పర్మిషన్ కావాలి. చేయని పనికి రుజువెక్కణ్ణుంచి తెచ్చేది సార్? పొమ్మంటే పోతాను."

వంటింట్లో అక్క పిండి తూస్తోంది. కేకులు చేసి దుకాణాలకు ఇస్తుంది ఆవిడ. కాటా మీద అంకెలు మిలమిలలాడుతున్నాయి.

"కొత్త కాటానామ్మా?"

"పాతదేనండీ. మధ్యలో మూలపడి, దానంతటదే బాగైంది."

"మరి రోజూ నంబర్లు పోతే మీ తమ్ముడు ఏం చేస్తాడు?"

ఆవిడ మొహం విప్పారింది. "నన్నే పిలుస్తాడు! నంబర్లు పెట్టుకున్ననాడే గుర్తుపెట్టుకోమని నాకు అప్పజెప్పాడు. వాడిది ఒట్టి మతిమరుపు. చిన్నప్పుడు ఎక్కాలు కూడా నేనే నేర్పాను. పక్కన కూర్చుని నేను చెబుతుంటే వాడు టైపు చేసుకుంటాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది? తలుపేసుకుంటాడు."

బయటికొస్తూ ఆవిడ లైటు, ఫ్యాను, ఓవెన్ స్విచ్చులు టపటపా ఆపేసింది.

యానిమేటర్ గదిలో ప్రతి వస్తువు మీదా ఎర్ర చుక్క ఉంది. డప్పు సామానుతో కలిసిపోకుండా పెట్టుకున్న గుర్తట. ఆ రోజు ఇంకా తెరవని కంప్యూటర్‌కు అతను గోడ స్విచ్చు వేశాడు. సెట్టింగుల తెర వచ్చింది. నంబర్లు పోయాయి. భూతద్దం గారు మాత్రం నంబర్ల వంక చూడనే లేదు, మూలనున్న తేదీ చూశారు. అది ఎన్నో ఏళ్ల నాటి తేదీ.

"అదెప్పుడూ తప్పే సార్. నెట్ రాగానే సర్దుకుంటుంది," అన్నాడు యానిమేటర్.

"అందరినీ వంటింట్లోకి పిలువు," అన్నారు ఆయన సహాయకురాలితో.

డప్పు బ్యాగుతోనే వచ్చాడు.

"నంబర్లు చెడగొట్టే దొంగకు తేదీతో పనేంటి?" అన్నారు భూతద్దం గారు. "రెండూ ఒకేసారి పోయాయంటే ఎవరూ మార్చలేదు, పెట్టే మరిచిపోయింది. గోడలోంచి కరెంటు వస్తున్నంతసేపూ దానికి అన్నీ గుర్తుంటాయి. స్విచ్చు ఆపితే గుర్తుపెట్టుకోవాల్సింది లోపలి బిళ్ల బ్యాటరీ. రాత్రి స్విచ్చులన్నీ ఆపేదెవరు?"

"అక్క. అది ఎప్పుడూ ఉన్న అలవాటే. కానీ బ్యాటరీ కొత్తది సార్!"

భూతద్దం గారు కాటా తిరగేసి మూత తీశారు. అరచేతిలో పడ్డ బిళ్ల మీద ఎర్ర చుక్క ఉంది.

"నువ్వు దుమ్ము దులపడానికి పెట్టె విప్పి స్నానానికెళ్లావు," అంది అక్క తలెత్తకుండా. "కేకులకు ఆలస్యమవుతోంది. రెండూ ఒకేలాంటి బిళ్లలే కదా అని మార్చేశాను. నీకు చెబుదామనే అనుకున్నానురా. ఇంతలో మర్నాడు నువ్వు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నావు. ఆ తర్వాతా పిలిచావు. ఇక చెప్పబుద్ధి కాలేదు. ఈ ఇంట్లో నాతో ఎవరైనా మాట్లాడేది ఆ కాసేపే." ఆవిడ డప్పు వైపు చూసింది. "నీ మీదికొస్తుందని తెలీదు నాయనా. ఈ బ్యాగు ఇప్పుడే చూస్తున్నాను."

సహాయకురాలు చప్పున కిటికీ వైపు తిరిగింది. ఏడుపు ఆగలేదు మరి.

"నా బుద్ధి గడ్డి తింది," అన్నాడు యానిమేటర్. "ఆ బ్యాగు లోపల పెట్టెయ్యరా."

"పెడతాలే," అన్నాడు డప్పు. "ముందు అక్కకు ఇంకో బిళ్ల కొనుక్కొస్తాను."

మర్నాడు పొద్దున్నే పరీక్షకని భూతద్దం గారూ సహాయకురాలూ మళ్లీ వెళ్లారు. ఎర్ర చుక్క బిళ్ల ముందురోజే కంప్యూటర్‌లోకి తిరిగి చేరింది, నంబర్లూ మళ్లీ పెట్టుకున్నారు. రాత్రంతా గోడ స్విచ్చు ఆపే ఉంది. యానిమేటర్ కంప్యూటర్ తెరిచాడు. తేదీ సరిగ్గా ఉంది. నంబర్లు ఒక్కటీ పోలేదు. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు తెర వంక చూశాడు.

"అక్కా, నంబర్లు చెప్పు!" అని కేకేశాడు.

ఆవిడ పిండి చేతులతో వచ్చి తెర చూసింది. "పోలేదు కదరా?"

"పోలేదు. అయినా చెప్పు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎక్కాలు అప్పజెప్పే రాగంలో నంబర్లు మొదలుపెట్టింది. వెనక నిలబడ్డ డప్పు వేళ్లతో బల్ల మీద తాళం వేశాడు.

సహాయకురాలు గుమ్మంలోనే ఉండిపోయింది. ఎంతసేపు విందో తనకే తెలీదు. కళ్లు తుడుచుకుని వీధిలోకి వచ్చేసరికి భూతద్దం గారు ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు.

"వచ్చావా?" అన్నారు.

"వచ్చాను సార్," అంది.