కోయని బ్రేకు

రాడార్ ఇంజనీరు వంశీకృష్ణ జీపు నిజాంపట్నం దారిలోని కాలువలో తలకిందులుగా దొరికింది. లోపల అతని శవం. కుడికాలు ఇంకా బ్రేకు పెడల్ మీదే ఉంది.

"అందరూ యాక్సిడెంట్ అన్నారు. నేననలేదు," అన్నాడు చీఫ్ రమేష్ బాబు.

తెనాలి రైల్వే స్టేషన్ ఎదుట టిఫిన్ హోటల్. చీఫ్‌కి ఎదురుగా ఏజెంట్ అబ్రహాము, రొయ్యల మేత కంపెనీ టీషర్టులో. అది అతని వేషం.

"మిషన్ ఏంటి సార్?"

"తీరం వెంబడి రహస్య రాడార్లకి చోట్లు వెతుకుతున్నాం. ఆ పని తెలిసినవాళ్లలో ఇక మిగిలింది డాక్టర్ సావిత్రి ఒక్కరే. ఆవిడ కూడా పోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. ఒక విదేశీ ముఠాకి కావలసిందదే. రేపు ఆవిడ బాపట్ల నుంచి రేపల్లె కరకట్టకి సర్వేకి వెళ్తారు. ప్రాణాలతో తిరిగి రావాలి."

"ముఠాలో మనవాళ్లెవరైనా?"

"మనీషా. ఇక్కడే ఆఫ్‌రోడ్ షోరూమ్ నడుపుతుంది. తను వాళ్ల మనిషని ముఠా అనుకుంటోంది. మన మనిషని మనం అనుకుంటున్నాం." చీఫ్ కాఫీ గ్లాసు పక్కకి జరిపాడు. "ఏది నిజమో నాకింకా తెలీదు."

బురదలో, గోతుల్లో తిరగడానికి జీపులకి లిఫ్ట్ కిట్ బిగించి ఎత్తు పెంచడం మనీషా షోరూమ్ పని. సావిత్రి జీపుని ఎత్తించింది అక్కడే. అక్కడికి రాకపోకలకు వంక ఉండాలని చీఫ్ అబ్రహాము జీపుని కూడా ముందే అక్కడ ఎత్తించాడు.

"రేపల్లె పాసింజరు లేటా అండీ?" ఆ సాయంత్రం షోరూమ్‌లో అడిగాడు అబ్రహాము, కోడ్ ప్రకారం.

"లేదండి. ముందే వెళ్లిపోయింది." నల్ల కళ్లద్దాలు తీసి నవ్వింది మనీషా. ఆ అందానికి గదిలో పనివాళ్లు కూడా ఒక క్షణం చేతులాపారు. ఆమె గొంతు తగ్గించింది. "బాపట్ల గెస్ట్‌హౌస్‌లో ఆవిడ జీపు బ్రేకు పైపు కోస్తారు. కోత కోసం వెతకండి. ఇంకేం చూడక్కర్లేదు."

మర్నాడు పొద్దున బాపట్లలో అబ్రహాము సావిత్రి జీపు కిందికి దూరాడు. వేలంత సన్నటి కెమెరాని పైపుల వెంట పాకించాడు. కోత లేదు. లీకు లేదు. 'క్లియర్' అని చీఫ్‌కి మెసేజ్ పెట్టాడు.

"అయిందా అబ్బాయ్? పోటు వస్తే రేవులోకి దిగలేం," అంది సావిత్రి గమ్‌బూట్లు తొడుక్కుంటూ. నిబంధన ప్రకారం ఫోన్ గెస్ట్‌హౌస్‌లోనే వదిలేసింది. దారి చూపించడానికని పొద్దున్నే వచ్చిన మనీషా ఆవిడ పక్కన ఎక్కింది.

"మీరు వెనకే రండి అబ్రహాము గారూ."

చెరుకుపల్లి దాటాక అబ్రహాము జీపు ఒక పక్కకి లాగింది. ముందు టైరులో గాలి లేదు. దిగి చూస్తే టైరు పక్కభాగంలో రెండు మేకులు, తలల దాకా దిగి ఉన్నాయి. రోడ్డు మీద గుచ్చుకున్నవి కావు. ఎవరో సుత్తితో కొట్టినవి.

తను వెనకపడిపోవాలని ఎవరో కోరుకున్నారు. ఎవరు? ఎందుకు?

చాసిస్ కింద జాకీ పెట్టి జీపుని లేపాడు. నేల వదిలిన చక్రం కొత్త స్ప్రింగుల మీద కిందికి వేలాడింది. దాని వెనక బ్రేకు హోస్, బ్రేకు ఆయిలు పోయే రబ్బరు గొట్టం, వీణ తీగలా బిగుసుకుంది.

అబ్రహాము చెయ్యి ఆగిపోయింది.

జీపు ఎత్తు పెంచితే హోస్ కూడా పొడుగుది వెయ్యాలి. తన జీపుకి వెయ్యలేదు. అక్కడే ఎత్తించిన సావిత్రి జీపుకీ వేసి ఉండరు. చదునైన నేల మీద ఏ లోపమూ కనబడదు. చక్రం లోతైన గోతిలోకి జారిన క్షణాన ఆ రబ్బరు పుటుక్కుమంటుంది. కోత ఉండదు. కోసినవాడూ ఉండడు. పైగా 'క్లియర్' అని రాసింది తనే!

ఫోన్ అందుకున్నాడు. "సార్, మనీషా వాళ్ల మనిషే! రేపల్లె కరకట్టకి పోలీసుల్ని పంపండి!"

చక్రం మార్చాడు. ఇరుక్కున్న బండ్లని లాగే టో స్ట్రాప్‌ని రెండుగా కోసి, ముందు వెనక యాక్సిల్స్‌ని చాసిస్‌కి బిగించి కట్టాడు. ఇక చక్రాలు అంత కిందికి జారవు. హోసులు టైర్లకి రాసుకోకుండా ప్లాస్టిక్ పట్టీలతో పక్కకి లాగి బిగించాడు. ముడి ముడినీ గుంజి చూసుకున్నాడు.

కరకట్ట మీద మబ్బు కమ్మి ఉంది. కింద కృష్ణ బురదరంగులో ఉబ్బుతోంది. మనీషా ముందే జీపు దిగిపోయి గట్టు మీద ఒంటరిగా నిలబడి ఉంది. సావిత్రి జీపు రేవులోకి దిగుతోంది.

"ఆపండి మేడమ్!"

వినపడలేదు. వరదకి కోసుకుపోయిన గండిలోకి ముందు చక్రం జారింది. వెనకే వెనక చక్రం. బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి. జీపు మాత్రం ఆగలేదు.

అబ్రహాము దారి వదిలేసి గట్టు వాలులోకి దూకించాడు. చక్రాలు గాలిలో వేలాడాయి. స్ట్రాప్‌లు కిర్రుమన్నాయి. తెగలేదు. సావిత్రి జీపుని దాటి, దానికి అడ్డంగా తిప్పి బ్రేకు తొక్కాడు. పట్టింది!

ఇనుము ఇనుముని గుద్దింది. రెండు జీపులూ కలిసి జారాయి. అబ్రహాము జీపు వెనక చక్రాలు నీళ్లలోకి దిగాక ఆగాయి.

"పెడల్ లోపలికెళ్లిపోయింది అబ్బాయ్," అంది సావిత్రి నుదుటి రక్తం తుడుచుకుంటూ. అబ్రహాము ఆవిడ చెయ్యి పట్టుకుని దించాడు.

గట్టు మీద మనీషా పిస్తోలు తీసింది. అప్పటికే చీఫ్ పంపిన ఎస్సై శ్రీవల్లి రివాల్వర్ ఆమె మెడకి ఆనింది.

"పడెయ్యమ్మా."

పిస్తోలు గడ్డిలో పడింది. "బ్రేకు సంగతిలో నన్నేం చెయ్యలేరు," అంది మనీషా తాపీగా. "నేనేమీ కోయలేదండి."

"అవునండి, కోయలేదు," అన్నాడు పైకొచ్చిన అబ్రహాము. "మా రెండు జీపులకీ పొట్టి హోసులే ఉంచేశారు. కాలువలో దొరికిన జీపు కూడా మీ దగ్గర ఎత్తించిందేనట. ఇందాక ఫోన్లో చీఫ్ చెప్పారు."

మనీషా పోలీసు జీపు తలుపు దగ్గర ఆగి, సంకెళ్ల చేతులతోనే వంగి, చక్రం వెనక్కి తొంగిచూసింది.

"దీన్నెక్కడైనా ఎత్తించారా అండీ?" ఆమె గొంతులో మొదటిసారి భయం.

"ఇది స్టార్టవడమే గొప్పమ్మా," అంది శ్రీవల్లి. "ఎక్కు."