ముఖాన్ని వదిలేసే లైటు

"వెలిగిందా?"

"లేదండీ."

"సరిగ్గా చూడు నాయుడూ. లైటు వైపే చూడు."

"దాని వైపే సూస్తన్నానండీ. లైటు వెలగలేదు. వైరేదో ఊడిపోనాదేటో సూడండి."

అరవై అడుగుల అవతల, స్టాండు వేసిన మోటారుసైకిలు పక్కన నిలబడ్డ డాక్టర్ మందాకిని నవ్వింది. "ఒకసారి వెనక్కి తిరుగు."

మెకానిక్ ఎర్రునాయుడు వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. సిల్వర్ ఓక్ చెట్లు మొదళ్ళ నుంచి కొనల దాకా పట్టపగల్లా వెలిగిపోతున్నాయి. చెట్టుకి పాకిన మిరియాల తీగ మీద ఆకులు లెక్కపెట్టుకోవచ్చు. తలవంచి చూస్తే కాళ్ళ పక్కన గులకరాళ్ళు కూడా మెరుస్తున్నాయి. గబుక్కున బండి వైపు తిరిగాడు. చీకటి. మళ్ళీ చెట్ల వైపు తిరిగాడు. వెలుతురు.

"ఇదేటి మేడం, దాగుడుమూతలాడతంది!"

"ఆడుతున్నది నీతో కాదు, నీ కళ్ళతో."

ఈ లైటు సంగతి అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. చీకట్లో పిల్లి మీద టార్చి వేస్తే దాని కళ్ళు మెరుస్తాయి. మనిషి కళ్ళూ మెరుస్తాయి, కాకపోతే ఆ మెరుపు చాలా తక్కువ, మనకి ఆనదు. మందాకిని లైటులో ఉన్న కెమెరాకి ఆనుతుంది. కెమెరా వెనక బొటనవేలి గోరంత ప్లేటు ఒకటి ఉంటుంది. దాని మీద పది లక్షల అద్దాలు. ఒక్కో అద్దం ఒక్కో చుక్క వెలుగుని రోడ్డు మీదికి విసురుతుంది. ఎదుట ఎక్కడ కళ్ళు మెరిస్తే అక్కడికి పోయే చుక్కల అద్దాలు ఠక్కున పక్కకి తిరిగిపోతాయి. మనిషి అటూ ఇటూ కదిలినా కంట్లో వెలుగు పడకూడదు కనక, తలంత మేరకీ చీకటి వదిలిపెడతాయి. రోడ్డుకి వెలుగు, ఎదుటివాడి కళ్ళకి నీడ. ఎండలో చంటిపిల్ల ముఖానికి తల్లి చెయ్యి అడ్డం పెట్టినట్టు.

ఇంత పెద్ద ప్రయోగానికి ఎక్కడో కొండ మీద ఉన్న ఒక మెకానిక్ షెడ్డు ఎందుకు? దానికో కారణం ఉంది. కోతిమెట్ట ఘాటు ఎక్కి దిగే బళ్ళలో సగానికి కంపెనీ లైటు తీసేసి, బజారులో దొరికే తెల్ల ప్రొజెక్టర్ లైట్లు బిగించింది ఎర్రునాయుడే. "ఇంకా బాగా పేలాలి" అని కుర్రకారు అడిగేవారు, అతను పేల్చేవాడు. ఆ వెలుగు ముందున్నవాడికి దారి చూపించేది, ఎదురొచ్చేవాడికి దారి చెరిపేసేది. నిరుడు కార్తీకంలో అలా కళ్ళు చెదిరి ఇద్దరు లోయలో పడిపోయారు. ఎదురొచ్చిన బండికి లైటు తనే బిగించానని ఎర్రునాయుడు ఎవరికీ చెప్పలేదు. లేబొరేటరీ నుంచి వివరాలు రాసుకోవడానికి వచ్చిన మందాకినికి మాత్రం చెప్పాడు.

"అయితే నీ చేత్తోనే కొత్తది బిగించు," అంది ఆవిడ.

మొదటిది తన బండికే బిగించుకున్నాడు.

ఎర్రునాయుడికి యాభై దాటాయి. ఇల్లు ఘాటు కింద, షెడ్డు ఘాటు మీద. ఇంట్లో పలకరించేవాళ్ళు లేరు. షెడ్డులో పలకరించేవాళ్ళందరూ బళ్ళ గురించే మాట్లాడతారు. రోజు మొత్తం మీద అతను మనిషితో మనిషిగా మాట్లాడేది ఇరవై అయిదు నిమిషాలు. తెల్లవారుజామున అయిదింటికి, పద్నాలుగో కిలోమీటరు రాయి దగ్గర సుభద్ర నిలబడి ఉండేది. ఘాటు మీది పోస్టాఫీసు ఆవిడది. అక్కడి దాకే వచ్చే మొదటి బస్సులో దిగిన టపా సంచి భుజాన వేసుకుని, చెయ్యెత్తేది. ఎర్రునాయుడు ఆపేవాడు. ఇద్దరి మధ్యా సంచి పెట్టుకుని వెనక కూర్చునేది.

ఎనిమిదేళ్ళుగా అంతే. ఆవిడ కూడా ఒంటరి మనిషే. ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళింది లేదు. ఎవరికి ఏ ఊరి నుంచి శుభలేఖ వచ్చిందో ఆవిడ చెప్పేది. ఎవడు ఏ మలుపులో బండి ఎలా పాడుచేసుకున్నాడో అతను చెప్పేవాడు. "నాయుడుగారూ, మీరు మనుషుల కన్నా బళ్ళనే బాగా ఎరుగుదురు," అని నవ్వేది. దిగాక సంచిలోంచి పొట్లం తీసి, చోడి రొట్టెలో సగం తుంపి చేతిలో పెట్టేది.

కొత్త లైటు బిగించిన మర్నాడు ఎర్రునాయుడు హుషారుగా బయల్దేరాడు. రోడ్డు మీద చీమ కనబడుతోంది. పద్నాలుగో రాయి పక్కనున్న మలుపుని అక్కడివాళ్ళు మొండెం మలుపు అంటారు. ఘాటు రోడ్డు వేసేటప్పుడు బండరాయి దొర్లి ఒక మేస్త్రీ తల తెగిపడిందనీ, తల లేని మొండెం ఇంకా తిరుగుతోందనీ చెప్పుకుంటారు. ఎర్రునాయుడు నమ్మేవాడు కాదు, పగటిపూట.

మలుపు తిరగ్గానే కనబడింది. చీర కట్టుకున్న మనిషి. కాళ్ళున్నాయి, చేతులున్నాయి, భుజాన ఏదో ఉంది. మెడ పైన ఏమీ లేదు. కటిక చీకటి. ఆ మొండెం అతని వైపు చెయ్యెత్తింది.

ఎర్రునాయుడు యాక్సిలరేటరు చివరంటా తిప్పాడు. షెడ్డు చేరి, కడవెడు నీళ్ళు తాగాక గాని గుండె కుదుటపడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, సుభద్ర ఇవాళ బండెక్కలేదని. మర్నాటి నుంచి రాయి దగ్గర ఆవిడ కనబడలేదు.

వారం తిరక్కుండా ఘాటంతా గగ్గోలు. కొత్త లైటు బిగించుకున్న ప్రతివాడికీ తలల్లేని మనుషులే. ఒకడికి తలల్లేని గేదెల మంద ఎదురొచ్చి బండి వదిలేసి పరిగెత్తాడు. ఎర్రునాయుడు మందాకినికి ఫోన్ చేశాడు.

"అది లోపం కాదు నాయుడూ," అంది ఆవిడ ఓపిగ్గా. "కళ్ళ మీద వెలుగు పడకపోతే ముఖం మీదా పడదు. ముఖం మీద పడకపోతే నీకు కనబడదు. ఒంటి మీద పడుతోంది కదా? మనిషిని ఢీకొనకుండా వెళ్ళడానికి ముఖం అక్కర్లేదు."

"ఎల్లిపోడానికి అక్కర్లేదండీ. ఆగడానికి కావాల."

"ఆగడం నా లెక్కలో లేదు," అంది.

ఆ మధ్యాహ్నం ఎర్రునాయుడు చేతుల గ్రీజు కడుక్కుని పోస్టాఫీసుకి వెళ్ళాడు. సుభద్ర ఉత్తరాల మీద ముద్రలు కొడుతోంది. తలెత్తలేదు. బండి దాటిపోయాక వెనక పనిముట్లుండే ఎర్ర డబ్బా చూసి, అది అతనిదేనని ఆవిడ ఆ రోజే గుర్తుపట్టింది.

"మీరని తెల్దు సుభద్రగారూ. ఒట్టు. ముకం అవుపడలేదు. దెయ్యమనుకున్నాను."

ముద్ర ఆగింది.

"ఎనిమిదేళ్ళు మీ వెనక కూర్చున్నాను నాయుడుగారూ. ఈ సంచి బకిలు మీ వీపుకి రోజూ గుచ్చుకునేది. సంచి తెలీదా? నాకున్నవి నాలుగు చీరలు. చీర తెలీదా? నేను నిలబడే తీరు తెలీదా? మూల పడున్న బండిని చూసి ఎవరిదో, ఏ చక్రం వంగిందో చెప్తారు. మనిషికి ఒక్క ముఖం లేకపోయేసరికి దెయ్యమైపోయిందా?"

అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"తప్పైపోనాది. రేపు ఆపుతాను."

"రేపూ కాఫీ తోట జీపులోనే వెళ్తాను. ఎప్పుడో ఒకరోజు మళ్ళీ ఆ రాయి దగ్గర నిలబడతాను. ఏ రోజో చెప్పను. ముఖం చూపించుకోవడానికి మాత్రం ప్రయత్నించను. గుర్తుపట్టి ఆపారా, ఎక్కుతాను."

మళ్ళీ ముద్రల చప్పుడు మొదలైంది.

ఆరు నెలల్లో ఘాటెక్కే ప్రతి బండికీ ఆ లైటే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. పాత లైట్లన్నీ ఎర్రునాయుడే పీకి కుప్ప పోశాడు. ఘాటు మొదట్లో ప్రమాదం లేని రోజుల లెక్క చెప్పే బోర్డు పెట్టారు. అంకె రోజూ పెరుగుతూ పోయింది.

మనుషులు దేనికైనా అలవాటు పడతారు. బండి ఎదురొచ్చేటప్పుడు కంట్లో నలక పడి ఒక ముసలమ్మ కళ్ళు మూసుకుంది. అంతే, ఆవిడ ముఖం దీపంలా వెలిగింది. కళ్ళు మూస్తే మెరుపు లేదు, మెరుపు లేకపోతే కెమెరాకి అక్కడ మనిషి ముఖం ఉన్నట్టే తెలీదు. "ఒలే, మన గవరమ్మత్తే!" అంటూ ఎవడో బండి ఆపి ఎక్కించుకున్నాడు. నెలలో ఊళ్ళన్నిటికీ తెలిసిపోయింది. బండెక్కాలనుకున్నవాళ్ళు రోడ్డు పక్కన వరసగా నిలబడి, చెట్ల మీద వెలుగు కనబడగానే కళ్ళు మూసుకునేవారు. తమని చూసేది ఎవరో వాళ్ళకి తెలీదు. ఆపినవాడు పేరు చెప్పి పిలిచాకే కళ్ళు తెరిచేవారు.

ఎర్రునాయుడు ఆ ముఖాల వైపు చూడలేకపోయేవాడు. లోయలోంచి ఆ ఇద్దరినీ పైకి మోసిన రోజున టార్చి వెలుగులో వాళ్ళ ముఖాలు అలాగే కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఆ వరస రాగానే వెలిగే ముఖాల నుంచి చూపు తప్పించుకునేవాడు. అతను వెతికేది చీకటిని. అందరూ ముఖాలు వెలిగించుకున్న చోట ఒక్క ముఖం చీకటిగా ఉంటుంది. ఆవిడ అన్న మాట తప్పే మనిషి కాదు, కళ్ళు మూసుకోదు. ఆ చీకటే గుర్తు.

చీకటొక్కటే గుర్తయితే సరిపోదని కూడా తెలుసు. షెడ్డులో ఒంటరిగా కూర్చుని ఒక్కొక్కటే జ్ఞాపకం చేసుకున్నాడు. బకిలు ఇత్తడిది, ఒక ముల్లు వంగి ఉంటుంది. సంచి ఎప్పుడూ ఎడమ భుజానే. నాలుగు చీరల్లో ఒకటి చింతపిక్క రంగు. బరువంతా ఎడమ కాలి మీద వేసి నిలబడుతుంది. ఇవన్నీ ఎనిమిదేళ్ళుగా అతని లోపలే ఉన్నాయి. వెతకలేదంతే. కలిసినప్పుడు చెప్పాల్సిన వాక్యం కూడా కూర్చుకున్నాడు, మార్చుకున్నాడు, మళ్ళీ మొదటిదే బాగుందనుకున్నాడు. పోస్టాఫీసు వైపు మాత్రం వెళ్ళలేదు. పరీక్ష రాయకుండా ఫలితం అడిగినట్టుంటుందని.

చలికాలం వచ్చింది. ఒకరోజు తెల్లవారుజామున, పద్నాలుగో రాయి దగ్గర, వెలిగే ముఖాల వరసకి కాస్త ఎడంగా, ఒక చీకటి ముఖం.

సంచి ఉంది. ఎడమ భుజాన. ఇత్తడి బకిలు మెరిసింది, ముల్లు వంగి ఉంది.

బ్రేకు వేశాడు. హెల్మెట్ తీసి, ఆ చీకటితోనే మాట్లాడాడు.

"సుభద్రగారూ, ముకం లేకపోయినా నేను మిమ్మల్ని ఎరుగుదునండీ. ఎక్కండి."

"నేను సుభద్రగారిని కాదండీ," అంది చీకటిలోంచి ఒక పడుచు గొంతు. "కొత్తగా వచ్చాను. ఇవాళే చేరాలి. ఆవిడకి బదిలీ అయిపోయింది కదా, మొన్న శనివారం వెళ్ళిపోయారు. సంచి నాకు అప్పజెప్పారు. ఇక్కడ కళ్ళు మూసుకుని నిలబడాలట గాని, నాకు భయమేసి మూసుకోలేదు."

ఎర్రునాయుడు మళ్ళీ ఆ బకిలు వైపు చూశాడు.

"ఎర్ర డబ్బా ఉన్న బండి మీదేనా? సంచి ఇస్తూ ఆవిడ మీ గురించే చెప్పారు. ఆఖరి వారం రోజులూ జీపు మానేసి ఈ రాయి దగ్గరే నిలబడ్డారట. కళ్ళు మూసుకునే. పంతం కన్నా చెప్పి వెళ్ళడం ముఖ్యం కదమ్మా అన్నారు. నలుగురో అయిదుగురో ఆపారట. గొంతు విని, మీరు కాదు బాబూ, వెళ్ళండి అని పంపేశారట."

ఆ వారమంతా ఎర్రునాయుడు రోజూ ఇటే వచ్చాడు. రోజూ వరసలో చీకటి కోసం వెతికాడు. వెలిగే ముఖాల్లో ఒక్కదాన్నీ చూడలేదు.

"ఎక్కమ్మా," అన్నాడు చివరికి.

ఆ పిల్ల ఎక్కి, సంచి మధ్యలో పెట్టుకుంది. బకిలు అతని వీపుకి గుచ్చుకుంది.

"మీ లైటు చాలా బాగుందండీ," అంది కాసేపటికి. "కంట్లో అసలు పడలేదు."

"అవునమ్మా. ఎవుల కంట్లోనా పడదు."

దారంతా తేటగా, రాయి రాయీ లెక్కపెట్టుకునేలా కనబడుతోంది. కింద బోర్డు మీద అంకె మారింది. ఆ రోజు కూడా ఘాటు మీద ఏ ప్రమాదమూ జరగలేదు.