ఒకే లైను మీద తొమ్మిది ఇళ్ళు

1946 మార్చి పదకొండున హేలిఫాక్స్ రేవులో ఓడ దిగిన డోరీన్ మొదట తిన్నది తెల్ల రొట్టె, వెన్న. యుద్ధమంతా ఇంగ్లండులో బూడిదరంగు రొట్టె నమిలిన పిల్ల, ఆ తెల్లదనం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తనను పెళ్ళాడి ముందే ఇల్లు చేరిన కెనడా సైనికుడు ఆర్విల్, సస్కాచివాన్ గోధుమ పొలాల్లో ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు.

సెప్టెంబరు వచ్చింది. అత్తగారు మటిల్డా ఆమెను ఇంతవరకూ గరిటె ముట్టనివ్వలేదు. "నువ్వు కూర్చోమ్మా, నేను చూసుకుంటాగా" అనేది, నవ్వకుండా.

నూర్పిళ్ళవాళ్ళకు వండిపెట్టడానికి ఆడవాళ్ళంతా వంతుల వారీగా ఇంటింటికీ వెళ్ళే రోజులవి. ఆవేళ వంతు పక్క పొలం ఒలీనా ఇంటిది. మటిల్డా కోడల్ని వదిలేసి ఒంటరిగా వెళ్ళింది.

ఖాళీ ఇంట్లో డోరీన్‌కు దుఃఖం పొంగుకొచ్చింది. నూర్పిడి యంత్రం బెల్టు కోసం పట్నం దుకాణానికి వెళ్ళిన ఆర్విల్‌కు, అక్కడికే ఫోను చేసింది.

ఆ చుట్టుపక్కల తొమ్మిది ఇళ్ళకు ఒకటే లైను. ఎవరు మాట్లాడినా వినడానికి తొమ్మిది రిసీవర్లూ లేస్తాయి. అందరికీ తెలిసిన సంగతే కదా అని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

"నేను ఇంగ్లండు వెళ్ళిపోతాను, ఆర్విల్. శనివారం నన్ను రైలెక్కించు."

"డోరీ, ఆగు. ఈ లైను మీద..."

"ఆగను! మీ అమ్మకు నేను కోడల్ని కాదు, చుట్టాన్ని. నువ్వంటే నాకు ప్రాణం. నువ్వు నిద్రలో ఎడ్లను అదిలించినా ముద్దుగానే ఉంటుంది. కానీ పనికిరానిదానిలా ఎన్నాళ్ళు కూర్చోను?"

లైను మీద ఎవరో ముక్కు చీదారు.

"ఎవరది?"

"నేనే, ఒలీనాని. నేనూ కొత్తలో ఇలాగే ఏడ్చానమ్మా."

"నిద్రలో ఎడ్లా?" అని ఒక ముసలాయన కిచకిచ నవ్వాడు.

"నోర్ముయ్యండి! ఒలీనా, ఆ ఫోను ఇటివ్వు." అది అత్తగారి గొంతు.

డోరీన్ రిసీవరు పెట్టెయ్యబోయింది.

"పిల్లా! బాంబుల్లో, పస్తుల్లో చిక్కి శల్యమై వచ్చావే. కాస్త ఒళ్ళు చేసేదాకా పని చెప్పకూడదనుకున్నాను. నీ మనసు కష్టపెడుతున్నానని తెలీలేదు. రేపు మన వంతు. ఇరవైమంది వస్తారు. ఆపిల్ పైలకు పిండి నేనొక్కదాన్నే కలపాలా?"

"నేను చేస్తాను, అత్తయ్యా. పైపొర గట్టిగా వస్తుందేమో."

"మా పళ్ళు గట్టివేలే, పర్లేదు!" అన్నాడు ముసలాయన.

చీకటిపడి ఆర్విల్ వచ్చేసరికి డోరీన్ మోచేతుల దాకా పిండి.

"మరి శనివారం రైలు?"

"ఈ అవతారంతో ఎవరెక్కనిస్తారు?"

అతను ఆమె చెంప మీది పిండి తుడవబోయి, మరింత పూశాడు. ఇద్దరూ నవ్వారు.

మంచినీళ్ళకని వచ్చిన మటిల్డా గుమ్మంలోనే ఆగింది. దాహం మాట మరిచి వెనక్కి తగ్గి, వంటింటి తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసింది.