ఎడమ చెంప మీద వెలుతురు

ఆటోనగర్‌లో మూతబడ్డ లారీ బాడీల షెడ్డు వెనక ఒక గది ఉంది. పొద్దుగూకితే అటువైపు కుక్కలు కూడా పోవంటారు. లోపల ఎవరో తిరుగుతారట... ఎవరన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అద్దె చవగ్గా వస్తోందని ఫొటోగ్రాఫర్ బాలశౌరి అందులోనే స్టూడియో పెట్టాడు. దెయ్యాలకి జడిసి కూచుంటే పూట గడుస్తుందా మరి!

ఒకరోజు చీకటి పడ్డాక సాజిదా వచ్చింది. ముసుగు తీసింది. పక్షవాతంతో ముఖం ఎడమవైపు జారిపోయి, ఆ కన్ను సరిగా మూతపడటం లేదు.

"మా ఆయనకి తెలీదన్నా," గొంతు తగ్గించి చెప్పింది. "కువైట్‌లో ఉన్నారు. వీడియో కాల్ చేస్తే నెట్ లేదని కట్ చేస్తున్నా. ఫొటో అయినా పంపకపోతే పని మానేసి వచ్చేస్తానంటున్నారు. ఆ పని పోతే మాకు దిక్కులేదు. ఈ పక్క కనపడకుండా తియ్యన్నా..."

బాలశౌరికి జాలేసింది. "దానికేముందమ్మా!" అని ఒక్క లైటే పెట్టాడు — ఆమె కుడిపక్కన, కాస్త ముందుకి. రెండోపక్క గోడమీంచి వెలుతురు తిరిగి పడకుండా నల్లగుడ్డ వేలాడదీశాడు. ఎడమ చెంప చీకట్లో కలిసిపోయింది. ఫొటో తీశాడు.

కెమెరాలో చూస్తే... ఎడమ చెంప వెలిగిపోతోంది. జారిన మూతి, నీరు కారే కన్ను — అన్నీ కనిపిస్తున్నాయి.

రోడ్డు మీద లారీ లైటేమోననుకుని గది షట్టర్ దించాడు. మళ్లీ తీశాడు. మళ్లీ అంతే. కంటికి చీకటే... కెమెరాకే వెలుతురు!

"ఏమైందన్నా?"

లైటు ఎక్కడుందో ఫొటోలో కంటిపాప మీద పడే మెరుపే చెబుతుంది. ఫొటోలు తీసేవాళ్లకి తెలిసిన కిటుకే అది. కెమెరాలో ఆమె కళ్లని పెద్దవి చేసి చూశాడు. కుడికంట్లో తను పెట్టిన లైటు. ఎడమకంట్లో —

చిన్న తెల్లటి చుక్క. ఫోన్ లైటు. దాన్ని ఎత్తి పట్టుకుని, వంగి చూస్తున్న ఒక మనిషి.

దాచేలోపే సాజిదా తొంగి చూసింది. అరవలేదు.

"మా ఆయన," అంది.

ఆ పక్కన నల్లగుడ్డ తప్ప ఏమీ లేదు. ఆమె కువైట్‌కి ఫోన్ కలిపింది. మోగుతోంది... మోగుతోంది... ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కలిపింది.

సాజిదా ఫోన్ చెవికి ఆనించుకునే మెల్లగా నల్లగుడ్డవైపు తిరిగింది. ఈసారి ముసుగు అడ్డం పెట్టుకోలేదు.

"చూసేశారుగా..." గుసగుసగా అంది. "ఇక ఫోన్ ఎత్తండి."