పొత్తు అరలో గంటలు

పొయ్యి లోపలికి పోతేగాని మంచం బయటికి రాదు. ఓబులేసు సంగటి తిని, పొయ్యినీ గిన్నెనూ చెంబునూ గోడలోని కరుగరలో పెట్టి తలుపు మూశాడు. లోపల ఇసుక జారినట్టు సన్నటి చప్పుడైంది. పొయ్యి కరిగి పొడి అయిపోయింది. దాని కొలత మాత్రం, బడిలో అయ్యవారు పలక మీద రాసిచ్చే ఒరవడి లాగా, నిలవ కేంద్రంలో ఉండిపోతుంది. మళ్లీ కావాలన్నప్పుడు కరుగర ఆ ఒరవడి చూసుకుని, అదే పొడితో పొయ్యిని పోసి ఇస్తుంది.

ఎర్రగుట్ట నిలువుపేటలో ముప్ఫై అంతస్తులు. ప్రతి ఇల్లూ ఒకే గది, పొడుగు రెండు బారలు, వెడల్పు బారన్నర. కరుగర ఉన్నాక మనిషికి ఇంతకన్నా చోటు ఎందుకని కట్టినవాళ్ల లెక్క. అది చాలావరకు నిజమే. పెళ్లి పందిరి దగ్గర్నుంచి పిల్లల ఉయ్యాల దాకా అన్నీ గోడలోంచే వస్తున్నాయి, గోడలోకే పోతున్నాయి.

కలిగినవాళ్లది విడి అర. వాళ్ల వస్తువు ఒరవడి వాళ్లకే ఉంటుంది. లేనివాళ్లది పొత్తు అర. అందులో రెండు వస్తువుల మధ్య తేడా వెంట్రుక మందానికి లోపు ఉంటే, ఒకదాని ఒరవడి ఉంచి రెండోది చెరిపేస్తారు. చవక అందుకే. పేటలో పొత్తువాళ్లందరి చెంబులకూ అంచు కింద ఒకే చోట ఒకే సన్నగీత ఉంది. అది ఎవరి చేతిలోంచి జారినప్పుడు పడిన గీతో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. నీళ్లు తాగడానికి గీత అడ్డం కాదు గదా.

ఆ రోజు అతను పనిచేసే పాల కర్మాగారానికి సెలవు. ఓబులేసు మంచాన్ని పిలవలేదు. గంటలను పిలిచాడు.

అవి ఆవుల మెడలో కట్టే కంచు గంటలు, అరవై ఒకటి. పాలు కర్మాగారంలో పుట్టడం మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కొక్కరే ఆవులను వదిలేసుకున్నారు. ఓబులేసు అప్పుడు వయసులో ఉన్నాడు. సాయంత్రాలు ఊరూరూ తిరిగి, కొట్టం ఖాళీ అయిన ఇంటి ముందు నిలబడి గంట అడిగి తెచ్చుకునేవాడు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేవాడు. ఒక్క గంట తెచ్చుకున్న రోజు ఆవు పేరు, ఇంటివాళ్ల పేరు గుడ్డపీలిక మీద రాసి దానికే కట్టేవాడు.

అన్నీ కంచరి వీరాచారి ఒకే అచ్చులో పోసినవే. పోసిన తరవాత ఆయన లోపలి అంచును ఆకురాయితో రవ్వంత గీకి, చెవి దగ్గర మోగించి, మళ్లీ రవ్వంత గీకేవాడు. అట్లా ఒక్కో గంటకు ఒక్కో గొంతు పెట్టేవాడు. మేతకు పోయిన మందలో తన ఆవు ఏ పొద చాటున ఉందో కాపరికి వినపడాలి. కంటికి అన్నీ ఒకటే. చెవికి మాత్రం అరవై ఒకటి.

దాచడమే అతని బతుకంతా తిప్పలయింది. గోనెసంచిలో మంచం కింద పెడితే ఇనుప నాలుకలు తుప్పు పట్టాయి. కిటికీకి దండెం కట్టి వేలాడదీస్తే గాలి వచ్చినప్పుడల్లా పక్కగదివాళ్లు గోడ బాదారు. ఊక పోసిన చెక్కపెట్టెలో కొన్నేళ్లు బాగానే ఉన్నాయి. తరవాత, గదుల్లో విడి బరువులు ఉంచరాదని పేట పెద్దలు తీర్మానం చేశారు. విడి అరకు అతని జీతం చాలదు. ముప్ఫై తొమ్మిది రోజుల కిందట, ఒక్కొక్కదాన్నీ తుడిచి, పొత్తు అరలో పెట్టాడు.

కరుగర తలుపు తెరుచుకుంది. గంటలు వెచ్చగా ఉన్నాయి, కొత్తవాటిలా మెరుస్తున్నాయి. పీలికలు చూసుకున్నాడు. పేర్లన్నీ ఉన్నాయి, తన వంకర రాతతో సహా. సుక్కావు గంట తీసి ఊపాడు. కొంచెం మెత్తగా, కింద గొంతుతో మోగింది. అది సుక్కావు గొంతు కాదు. కర్రావుది ఊపాడు. అదే మోత. గౌరిది ఊపాడు. అదే. అరవై ఒకటీ ఊపేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. అన్నీ ఒకే గొంతు. అది ఉలవపాటివాళ్ల పుల్లావుది. మిగిలిన అరవై గొంతులూ లేవు.

అతను సుక్కావు గంట ఒక్కటి జేబులో వేసుకుని నిలవ కార్యాలయానికి దిగిపోయాడు.

గవాక్షం అవతల షాహీన్ అనే అమ్మాయి ఉంది. గంటను బల్ల మీద పెట్టించి తెర వైపు చూసింది.

"బరువు సరిపోయింది. లోహం సరిపోయింది. ఆకారం సరిపోయింది. ఏం తగ్గింది పెద్దాయనా?"

"మోత."

"మోతా?"

"దీని మోత ఇది కాదమ్మా."

"మేము మోత కొలవం పెద్దాయనా. వస్తువును కొలుస్తాం." ఆమె గంటను తనే ఒకసారి ఊపింది. "బాగానే మోగుతా ఉంది గదా?"

"బాగానే మోగుతా ఉంది. ఇంకో ఆవులాగ."

షాహీన్ నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. తెర మీద ఏదో వెతికింది. తరవాత గొంతు తగ్గించి చెప్పింది.

"తొలికొలత అని ఒకటుంటుంది. పొత్తులో కలపకముందు తీసింది. అందులో మీ అరవై ఒకటీ వేరువేరుగా ఉంటాయి. నలభై రోజులు ఉంచి చెరిపేస్తారు. మీది రేపు పొద్దునకు పోతుంది."

"అయితే దాంట్లోంచి తీసియ్యి తల్లీ."

"పెట్టినవాళ్ల మాట చెల్లదు. అందరూ వచ్చి నాది ఇట్లా లేదు, అట్లా ఉండేదని కొత్త నగిషీలు అడుగుతారు. మీకన్నా ముందు ఆ వస్తువు వాడినవాళ్లు ఎవరైనా, ఒక్కరు చాలు, ఇది నాది కాదని నోటితో చెబితే, మొత్తం మూటనంతా విడదీసి ఇస్తాం. తెలిసినోళ్లు ఎవరైనా ఉండారా?"

ఓబులేసు మనసులో పీలికలన్నీ తిరగేశాడు. చాలామంది పోయారు. కొందరు ఏ పేటకు చేరారో తెలియదు.

"ఒక్కామె ఉంది."

షాహీన్ చింతగింజంత సాక్షిబిళ్లను అతని చేతిలో పెట్టింది. "గంట మోగించండి. ఇది మూడుసార్లు అడుగుతుంది. మూడోసారి చెప్పిందే చివరి మాట. మోగించకముందు మీరేం నేర్పకూడదు. నేర్పితే దీనికి తెలిసిపోతుంది."

బొల్లావును సాకిన తిరుపాలమ్మ ఏడో అంతస్తులో ఉంటుంది. ఇద్దరూ ఒక పేటలోనే ఉన్నా అతను ఆ గడప తొక్కి నాలుగేళ్లయింది. ఎవరి వస్తువులు వాళ్ల గోడలోంచే వస్తున్నాక, చేట కోసమో నిచ్చెన కోసమో ఒకరింటికి ఒకరు పోయే పని లేకుండా పోయింది. పని లేకుండా ఒకరింటికి పోవడం ఓబులేసుకు చేతకాదు. అతను తన గదికి వెళ్లి, సుక్కావు గంట అక్కడ పెట్టి, బొల్లావు పీలిక ఉన్న గంట తీసుకుని వచ్చాడు.

తలుపు తీసిన తిరుపాలమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏమప్పా ఓబులేసూ, దోవ తప్పినావా?"

"లేదక్కా."

"మరి పెళ్లిచూపులకు వచ్చినోడి మాదిరి ఆ నిలబడేదేంది? లోపలికి రా. కూర్చునేదానికి ఏం లేదు, పీటను గోడలోకేసినా. మంచం మీదనే కూర్చో."

కూర్చున్నాడు. జేబులోంచి గంట తీసి ఊపాడు.

బొల్లావు గంట అసలు మోత అతనికి బాగా తెలుసు. బొంగురుగా, మోత చివర చిన్న జీర ఉండేది. వీరాచారి చెయ్యి ఆ రోజు ఒక గీకు ఎక్కువ గీకింది. బాగాలేదు, మార్చి ఇస్తానంటే తిరుపాలమ్మే వద్దందట. ఆ జీర ఒక్కసారి విన్నవాళ్లు మరిచిపోరు. ఇప్పుడు మోగినదాంట్లో జీర లేదు.

అతను మంచం మీద పెట్టిన సాక్షిబిళ్ల పచ్చగా వెలిగి అడిగింది. "ఈ వస్తువు మీరు వాడినదేనా?"

తిరుపాలమ్మ దాని వైపు చూడలేదు. చెయ్యి చాపి గంట లాక్కుంది. పీలిక మీది పేరు కూడబలుక్కుని చదివింది. మళ్లీ ఊపింది.

"బొల్లీ," అంది. "ఓయమ్మో, బొల్లీ. నాది కాక ఇంకెవరిదప్పా ఇది?"

ఆమె ముఖం మారిపోయింది. గంటను చెవికి ఆనించుకుని కూర్చుంది. "ఇదేరా. ఇట్లనే మోగేది. వాగు దాటి వస్తా ఉంటే ఇంట్లో పొయ్యి కాడ కూచున్న నాకు ఇనపడేది. మా ఆయన పోయినప్పుడు కూడా అది మేతకు పోయి వచ్చింది ఆ పూట. ఈ మోత ఇని లేచి నీళ్లు పెట్టినా. లేచింది దానికోసమే. లేకుంటే లేచేదాన్ని కాదు."

బిళ్ల రెండోసారి అడిగింది. "ఈ వస్తువు మీరు వాడినదేనా?"

"దీనికి చెవుడా ఏంది? నాదేనని చెప్పినా గదా!" అని ఆమె గద్దించింది. తరవాత ఓబులేసు వైపు తిరిగింది. అతను నేల చూస్తున్నాడు. ఆమె ఊపడం ఆపేసింది.

"ఏమిరా? ఎందుకట్ల ఉండావు?"

"ఏం లేదక్కా."

"ఊళ్లో గంటలు నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీవు. ఆ సంగతి నాకు తెలుసు." గంటను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద మూసింది. గొంతు చిన్నదైంది. "నాది కాదా?"

బిళ్ల మూడోసారి అడిగింది. అడిగి, పచ్చగా వెలుగుతూ ఉండిపోయింది.

ఒక్క మాట చాలు. జీర ఏదక్కా అంటే చాలు. ఆమె చెవి దగ్గర పెట్టుకుంటుంది, వెతుక్కుంటుంది, అది లేదని ఆమెకే తెలుస్తుంది. రేపు సుక్కావు, కర్రావు, గౌరి, అన్నీ వాటి గొంతులతో వచ్చేస్తాయి. అరవై ఒకటిలో ఇదీ వస్తుంది. కానీ ఈ పూట ఆమె విన్న మోత ఆమెది కాదని అయిపోతుంది. రేపు అసలుది తెచ్చి మోగించినా, ఇది కూడా నిజమేనా అని ఆ చెవి ఇక అడుగుతూనే ఉంటుంది. ఓబులేసుకు ఆ అడగడం ఎట్లా ఉంటుందో పొద్దుటినుంచి తెలుసు.

"నీదే అక్కా," అన్నాడు.

"అది చెప్పు మరి! పానం తీసినావు గదరా." ఆమె బిళ్ల వైపు వంగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నాదే. ఇనపడిందా? నాదే."

బిళ్ల ఆరిపోయింది.

ఆమె గంటను అతని చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. "నువ్వు మోగియ్యి. నేను మోగించుకుంటే నాకు తెలిసిపోతాది. నువ్వు మోగిస్తే అది వచ్చినట్టుంటాది."

ఓబులేసు మోగించాడు. మెత్తటి, కింద గొంతు మోత గదిలో తిరిగి ఆగింది. తిరుపాలమ్మ పెదవులు కదిలాయి, ఎవరినో పిలిచినట్టు. అతను కూడా కళ్లు మూసుకుని, ఆమెకు వినపడేది తనకూ ఒక్కసారి వినపడుతుందేమోనని మళ్లీ ఊపాడు.