ఆ డబ్బా కట్టిందెవరు

"ఈ ఫోటో తీసిన మహానుభావుడు ఎవరండీ?"

ఎగ్జిబిషన్ హాల్లో ఆ గొంతు వినగానే పొగడ్తే అనుకుని ముందుకొచ్చాను. పొగడ్తలకి మొహం వాచిపోయి ఉన్నాను మరి.

"నేనేనండీ."

ఫోటోలోని అమ్మాయే ఎదురుగా నిలబడి ఉంది. కళ్ళద్దాల షాపులో మూత తీసిన లంచ్ బాక్సు ముందు కూర్చుని, స్పూను చేత్తో పట్టుకుని, ఖాళీ కుర్చీకేసి చూస్తుండగా వీధిలోంచి తీశాను. అడిగితే మొహాలు మారిపోతాయని నేనెవర్నీ అడగను. కింద పేరు కూడా నేనే పెట్టాను: 'ఎవరూ లేని మనిషి'. అది పేపర్లో పడింది. పోటీలో చివరి ఐదింట్లో నిలిచింది.

"నాకెవరూ లేరని మీకెవరు చెప్పారు?"

"మీ మొహమే చెప్పిందండీ."

"మొహాన్ని అడిగారు గానీ నన్ను అడగలేదే! ఓసారి మా షాపుకి రండి, మీ చూపు ఫ్రీగా టెస్ట్ చేస్తా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పేపర్లో చూసినప్పట్నుంచీ మా అమ్మ సరిగ్గా తినట్లేదు. మీరే వచ్చి చెప్పుకోండి."

వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. వాళ్ళమ్మ కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే పేపరు నా ముందు పెట్టి, ఫోటో మీద వేలు ఆనించింది.

"ఆ డబ్బా కట్టిందెవరు బాబూ?"

వెలుగు చూశాను, నీడ చూశాను, ఖాళీ కుర్చీ చూశాను. పొద్దున్నే లేచి వండి పెట్టిన మనిషిని మాత్రం ఒక్క మాటతో చెరిపేశాను.

"ఇంకోటి," అందావిడ గొంతు తగ్గించి. "నా పిల్ల అలా దిగులుగా ఉంటుందని నాకు తెలీదు. ఇంటికొస్తే నవ్వుతూనే ఉంటుంది. లోకమంతటికీ చూపించేశావు. నాతో చెప్పుకునే టైమైనా దానికి ఇచ్చావా?"

నా గదికి తిరిగొచ్చాను. గోడల నిండా ముక్కూమొహం తెలియని మనుషులు. ఏడేళ్ళుగా వాళ్ళే నాకు చుట్టాలు, వాళ్ళలో ఒక్కరికీ నా పేరు తెలియదు. ఆమె మొహంలో నేను చూసింది నా దిగులే అని అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది.

మర్నాడు జడ్జీలు రాకముందే ఫోటో దింపేశాను. నిర్వాహకుడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"పిచ్చోడా, ప్రైజు నీదేరా! పోయినేడు నువ్వు తీసిన ఫోటో చూసే కదా, రోగుల్ని నేల మీద పడుకోబెట్టిన ఆ ఆస్పత్రికి మంచాలు వచ్చాయి! జనానికి నిజం తెలియొద్దూ?"

"అది ఆస్పత్రి తప్పు, చూపించాల్సిందే. ఇది ఒకమ్మాయి దిగులు. ఆమెని అడగాల్సింది."

నేరుగా షాపుకి వెళ్ళి ఫోటో ఆమె చేతికిచ్చాను.

"దింపేశారా? ప్రైజు పోయిందిగా!"

"పోయింది."

"బాధగా లేదూ?"

"ఉంది. మీరు మళ్ళీ నాతో మాట్లాడరేమోనని ఇంకా ఎక్కువ బాధగా ఉంది."

ఆమె కళ్ళజోళ్ళు తుడిచే గుడ్డ పక్కన పెట్టింది.

"నాకెవరూ లేరన్నది అబద్ధం," అంది. "ఒంటరిగా ఉందన్నది మాత్రం నిజం. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు."

అలవాటుకొద్దీ నా చెయ్యి కెమెరా మీదకి పోయింది. ఆ వెలుగులో ఆ మొహం మళ్ళీ దొరకదని నాకు తెలుసు. కెమెరా సంచిలో పెట్టేసి జిప్పు లాగాను.

"చెప్పండి, వింటాను," అన్నాను. "నాక్కూడా అలాగే ఉంది."