ఉంగరం లోపలి గాడి

“ఇది యుద్ధం నాటి ఉంగరం కాదండీ. నిన్నమొన్నటి వంటగిన్నె.”

కంటికి ఆనించుకున్న భూతద్దం తియ్యకుండానే ఆ మాట అంది ఆమె. బల్లకు ఇవతల కూర్చున్న అతనికి ఒళ్ళు మండింది. బయట వారం రోజులుగా ఒకటే ముసురు. తడి గొడుగు ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పెట్టుకుంటే ప్యాంటు కాస్తా తడిసిపోయింది. దానికి తోడు ఇదొకటి.

“వంటగిన్నె ఏంటండీ? మా తాతయ్య యుద్ధంలో ఉన్నప్పుడు స్వయంగా చేసి మా నాయనమ్మకు పంపిన ఉంగరం అది!”

“మీ తాతయ్యగారు కందకంలో కూర్చుని వంట చేసేవారా?”

“మీకు నవ్వులాటగా ఉందా?”

“నేను నవ్వానా?”

నిజమే, నవ్వలేదు. పాత యుద్ధ వస్తువుల్ని వేలం వేసే ఆ సంస్థలో ఉంగరాల విభాగమంటే ఆమె ఒక్కతే. కిటికీ లేని గది, ఒక టేబుల్ లైటు, గాజుమూతల పెట్టెల్లో వరసగా ఉంగరాలు. వాటిలో చాలావరకు తిరిగి రాని సైనికులవి. పొద్దంతా వాటి మధ్య కూర్చునే మనిషికి నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది?

“చూడండి,” అంటూ ఉంగరాన్ని లైటు కిందకు జరిపింది. “ఫిరంగి గుండు మొనకు అల్యూమినియం మూత ఉండేది. గుండు పేలాక సైనికులు ఆ మూతలు ఏరుకుని ఉంగరాలు చేసేవాళ్ళు. అది పోతపోసిన లోహం. మీది వంటగిన్నె రేకు. ఇంకోటి, ఏళ్ళ తరబడి వేలికున్న ఉంగరం అరచేతి వైపు అరుగుతుంది. తలుపులు తియ్యాలి, బకెట్లు మొయ్యాలి కదా. మీదానికి అక్కడ అరుగుదలే లేదు. పైగా లోపల, పైభాగంలో ఈ గాడి ఏంటి? అక్కడ ఏ ఉంగరమూ అరగదు. మీ ఆకురాయి జారినట్టుంది.”

“నా దగ్గర ఆకురాయి ఎందుకుంటుంది?”

“మీ గోళ్ళ సందుల్లో నల్లగా ఉన్నది లోహం పొడి. మీ చెవులు కూడా ఎర్రగా అయ్యాయి.”

అతను గబుక్కున చేతులు బల్ల కిందకు దాచుకున్నాడు. చెవుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు. నిజానికి నగల రిపేరు షాపులో అతని పనే ఆకురాయితో. మాటా మంతీ లేకుండా ఉంగరం జేబులో వేసుకుని తలుపు దాటేశాడు.

“ఆకురాయిగారూ!” వెనకనుంచి పిలిచింది. “గొడుగు!”

వెనక్కి వచ్చి తీసుకోవాలంటే తలకొట్టేసినట్టైంది. అయినా వచ్చాడు. ఆమె నీళ్ళు దులిపి మరీ గొడుగు అందించింది. కొందరి మర్యాదే ఎక్కువ తగులుతుంది.

* * *

అతను మళ్ళీ వచ్చేసరికి కూడా వాన తగ్గలేదు. గోడలు చెమ్మగిల్లి, మెట్ల మీద బూజు వాసన వేస్తోంది.

“మళ్ళీ మీరేనా?”

“నాయనమ్మ పెట్టెలో ఇంకోటి దొరికింది, భూతద్దంగారూ.”

తనకు పెట్టిన పేరు విననట్టే ఊరుకుంది ఆమె. “తాతయ్యగారు ఎన్ని పంపారేంటి? షాపు పెట్టుకోమనా?”

ఈసారి మాత్రం చాలాసేపు చూసింది. చూస్తుంటే జుట్టు నుదుటి మీదికి జారింది. చేతుల్లో ఉంగరం, భూతద్దం ఉన్నాయి కాబట్టి మణికట్టుతో వెనక్కి తోసుకుంది. అది మళ్ళీ జారింది. అతను వచ్చిన పని మరిచిపోయి ఆ జుట్టు ఎన్నిసార్లు జారుతుందా అని చూస్తూ కూర్చున్నాడు.

“చాలా బావుంది,” అంది చివరికి.

“అంటే... అసలుదేనా?”

“లోహం అసలు మూతదే. అరచేతి వైపు అరుగుదల ఉంది. లోపల గాడి లేదు. నేను చెప్పినవన్నీ ఉన్నాయి. నేను చెప్పనిది మాత్రం ఒక్కటీ లేదు.” భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. “నిజంగా పాత వస్తువైతే ఎక్కడో ఒకచోట నన్ను తికమక పెట్టాలి. ఇది పరీక్షకు బట్టీపట్టి వచ్చినట్టుంది. ఎవరికి అంటగడదామని చేశారండీ ఇది?”

“ఎవరికీ కాదు.”

“మీలాంటివాళ్ళ వల్లే...” అని ఆగిపోయింది. గొంతు తగ్గించి అంది. “మా నాన్న ఇలాంటి ఉంగరాలు పోగుచేసేవారు. అన్నీ ప్రాణస్నేహితుడి దగ్గరే తెచ్చుకున్నారు. అందులో సగం నకిలీవని నాకు తెలిసేసరికి నాన్న మంచాన పడ్డారు. ‘అన్నీ అసలువేనా అమ్మా’ అని అడిగారు. అవునన్నాను. నా మొహం చూసి ఆయనకు అర్థమైపోయింది. ఆ తర్వాత నాతో వాతావరణం గురించి, మందుల గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు. అలాగే పోయారు.”

అతను తలొంచుకున్నాడు. ఉన్నట్టుండి అడ్డూ ఆపూ లేకుండా చెప్పేశాడు.

“నాయనమ్మకు స్కాన్ తీసే రోజు ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. లోపలికి వెళ్తూ గుప్పిట్లోంచి ఉంగరం తీసి నా చేతిలో పెట్టింది. అంతవరకు నేను దాన్ని సరిగ్గా చూడనే లేదు. నల్లగా ఉంది, వెండిదనుకుని, మెరిపించి ఇద్దామని షాపుకు తీసుకెళ్ళి మిగతా వెండి సామానుతో పాటు కాస్టిక్ సోడా నీళ్ళలో వేశాను. తేలిగ్గా ఉందని చేతికి తెలుస్తూనే ఉంది, బుర్రకే ఎక్కలేదు. సాయంత్రం చూస్తే వెండి సామాను ఉంది, ఉంగరం లేదు. కరిగిపోయింది.”

“అల్యూమినియాన్ని కాస్టిక్‌లోనా?” ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“తిట్టండి. రోజూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. కళ్ళలో ఉన్నది ఉన్నట్టు ఇంకోటి చేసి ఇచ్చాను. నాయనమ్మ దాన్ని చేత్తో పట్టుకుని, తెలిసినవాళ్ళకు చూపించి అసలుదో కాదో కనుక్కురా అంది. ఇక మంచం దిగదని డాక్టర్లు చెప్పేశారు. అసలుదే అని మీరొక్క మాట అంటే నిశ్చింతగా పోతుంది.”

“అనను.”

“ముసలి ప్రాణమండీ!”

“అందుకే అనను.” లేచి కోటు తీసుకుంది. “పదండి. మీరు చెప్పండి, నేను పక్కన ఉంటాను.”

తీరా చూస్తే ఆమె గొడుగు తెచ్చుకోలేదు. ఒక్క గొడుగులో ఇద్దరూ నడిచారు. అతను గొడుగంతా ఆమె వైపే వంచాడు.

“మీ భుజం తడుస్తోంది,” అంది ఆమె.

“పర్లేదండీ, కరిగిపోను.”

ఆ మాట నోరు జారాక అతని మొహం మాడిపోయింది. ఆమె గొడుగు కర్ర పట్టుకుని అతని వైపు కొంచెం జరిపింది.

* * *

నాయనమ్మ గదిలో మందుల వాసన. దుప్పటి కింద మనిషి ఉందో లేదో అన్నట్టుంది. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

“ఎవర్రా ఈ పిల్ల?”

“ఉంగరాలు చూసే ఆవిడ, నాయనమ్మా.”

“చూసిందా? ఏదీ, ఇలా తే.”

కళ్ళజోడు అడగలేదు. ఉంగరంలో చిటికెన వేలు దూర్చి లోపల తడిమి చూసుకుంది.

“గాడి ఏదిరా?”

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

“మొన్నటిదానికి గాడైనా పెట్టావు. దీనికి అదీ లేదు.”

“మొన్నటిదా? అంటే నీకు...”

“గుండెల మీద ఇన్నేళ్ళు మోసినదాని బరువు నాకు తెలీదట్రా?” మెడ దగ్గర తడుముకుని, రవికలోంచి సన్నటి గొలుసొకటి బయటకు లాగింది. “మీ తాతయ్య కొలత తెలీకుండా చేశాడు. నా బొటనవేలికి కూడా వదులే. అందరూ నవ్వుతారని ఎవరికీ చూపించలేదు. ఈ గొలుసుకు వేసి లోపల దాచుకున్నా, స్కాన్ రోజు ఉంగరం నీకూ గొలుసు నర్సుకూ ఇచ్చేదాకా తియ్యలేదు. వచ్చాక బిగించి ఇస్తానని కబురు పెట్టాడు. ఆయన రానేలేదు. గొలుసు ఒరుసుకుని ఒరుసుకుని ఉంగరం లోపల గాడి పడింది.”

పక్కనున్న అమ్మాయి మొహం పాలిపోయింది. “అది... నేనే తప్పన్నానండీ. ఏ ఉంగరమూ అక్కడ అరగదని నేనే చెప్పాను. అందుకే తీసేశారు.”

“వేలికి పెట్టుకునే అదృష్టం ఉంటే అక్కడ అరిగేది కాదులే అమ్మాయ్,” అంది నాయనమ్మ. తర్వాత మనవడి వైపు తిరిగింది. “ఇప్పుడు చెప్పు. నాది ఏది?”

అతను మంచం పక్కన కూలబడ్డాడు. “కరిగిపోయింది నాయనమ్మా. నేనే పోగొట్టాను.”

“పూర్తిగానా?”

“పూర్తిగా.”

“ముక్క కూడా మిగల్లేదా?”

అతను తల అడ్డంగా ఊపాడు. నాయనమ్మ కళ్ళు మూసుకుంది. బయట చూరు నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

“ఆయనదీ ముక్క దొరకలేదు,” అంది. మూసుకున్న కళ్ళలోంచి నీళ్ళు దిండు మీదికి కారాయి. పుట్టి బుద్ధెరిగాక నాయనమ్మ ఏడవడం అతను చూడటం అదే మొదటిసారి.

కొంచెం తేరుకున్నాక అతని తల మీద చెయ్యి వేసింది. “కోపం లేదనను. ఉంది. కానీ నువ్వు చెప్పకుండా ఉంటే, నా మనవడు నాకు అబద్ధం చెప్పాడనుకుంటూ పోయేదాన్ని. దాన్ని నేనెక్కడ దాచుకోను?”

ఆమె గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నాయనమ్మకు అదీ కనిపించింది.

“అమ్మాయ్, వీడు అబద్ధమాడితే ఎలా తెలుస్తుందో తెలుసా?”

“చెవులు ఎర్రబడతాయండీ.”

“అబ్బో! ఎప్పుడు కనిపెట్టావు?”

“మొదటి రోజే.”

“ఉంగరం చూడమని పంపిస్తే వీడి చెవులు చూశావన్నమాట!”

ఆ గదిలో అంతటి దిగులులోనూ ముగ్గురూ నవ్వారు. నాయనమ్మ నవ్వు దగ్గులోకి దిగింది. ఇద్దరూ కలిసి ఆమెను లేపి కూర్చోబెట్టారు.

ఆ తర్వాత ఆ అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చేది. నాయనమ్మ చెప్పే యుద్ధం నాటి కబుర్లు వినడానికని చెప్పేది. వానలు తగ్గకముందే నాయనమ్మ పోయింది.

* * *

చాలా రోజులు అతను వేలం సంస్థ వైపు రాలేదు. వచ్చిన రోజు గడ్డం మాసి ఉంది. కూర్చుని, చిన్న గుడ్డ మూట విప్పి బల్ల మీద పెట్టాడు.

“చూసి చెప్పండి.”

ఆమె భూతద్దం తీసుకుంది. “గొలుసు అసలుదే. ఉంగరం నకిలీ, ఆ గాడి లేనిదే.”

“గొలుసు మీకిమ్మని నాయనమ్మ చెప్పి పోయింది. ఉంగరం నేనిస్తున్నాను. వద్దనుకుంటే గొలుసు మాత్రం ఉంచుకోండి.”

“నకిలీ వస్తువు గడప దాటి నా ఇంట్లోకి రాదని తెలుసు కదా?”

“తెలుసు.”

“మరి ఎందుకిస్తున్నారు?”

“మీరంటే నాకు ఇష్టం. నాయనమ్మ లేదు కాబట్టి ఒంటరితనం కొద్దీ అంటున్నాననుకోకండి. గొడుగు మరిచిపోయిన రోజు నుంచీ ఇష్టమే.”

ఆమె టేబుల్ లైటు మెడ పట్టుకుని అతని మొహం వైపు తిప్పింది. ఒక చెవి చూసింది. బల్ల మీదికి వంగి రెండో చెవి కూడా చూసింది. రెండూ మామూలుగానే ఉన్నాయి.

లైటు యథాస్థానంలో పెట్టి, గొలుసు తీసుకుని, ఉంగరం దానికి ఎక్కించింది. మెడ వెనక కొక్కెం అందలేదు. అతను లేచి వెళ్ళి పెట్టాడు. ఆమె ఉంగరాన్ని కాలరు లోపలికి జారవిడుచుకుంది.

“గాడి పడటానికి ఎన్నాళ్ళు పడుతుందంటావు?” అని అడిగాడు.

“నాయనమ్మకు బతుకంతా పట్టింది,” అంది ఆమె, కాలరు మీద చెయ్యి తియ్యకుండా. “నేను తొందరపడను.”